పొంగిన నల్లరేగడి

ఆ కాలానికి నల్లరేగడి ఊళ్లలో ఇళ్లన్నీ ఉక్కుకాళ్ల మీదే ఉండేవి. ఎండకు నేల కుంగితే కాళ్లు సాగేవి, వానకు పొంగితే ముడుచుకునేవి. గోడలకు బీట కూడా పడేది కాదు. తొలివాన రోజున కాళ్లు కదిలితే దొర్లిపడకుండా గిన్నెలు కింద పెట్టుకుని అందరూ లోపలే కూర్చోవాలి.

మూడేళ్ల తర్వాత వాన కురిసిన రోజునే సుంకులమ్మ గొర్రెపిల్ల ఇంటి ముందు పొలంలో, నేల పగిలిన నెర్రెలోకి జారిపోయింది.

"నెర్రెలు మూసుకుంటాండాయి, పైకి రామ్మే!" గుమ్మంలోంచి అరిచాడు ఆమె భర్త మద్దిలేటి.

"దీన్ని ఇడ్సిపెట్టి యాడికొచ్చేది?" అంటూ ఆమె నెర్రె పక్కన బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దింపింది. ఉబ్బుతున్న బంకమట్టి చేతిని నొక్కేస్తోంది. ముందు చెవి తగిలింది, తర్వాత కాలు దొరికింది. ఊపిరి బిగబట్టి లాగింది.

పిల్లను ఒడిలోకి తీసుకుని సుంకులమ్మ తలెత్తి చూసింది. ఇళ్లన్నీ కాళ్లు ముడుచుకుంటున్నాయి, కానీ ఒక్కటీ దిగడం లేదు. కనుచూపు మేర నేలే మెల్లగా పైకి లేస్తోంది. నలభై ఏళ్లుగా తొలివానకు లోపలే కూర్చుని ఆమె ఇది ఎన్నడూ చూడలేదు.

"ఏమయ్యో, నువ్వే దిగి రా," అంది. "నేల మనల్ని ఎత్తుకుంటాంది."

మద్దిలేటి చెప్పులు గుమ్మంలోనే విడిచి కిందికి దిగాడు.