చిగుళ్లకు విశ్రాంతి

"ముందు పళ్లు నాలుగూ తీసేయాలి. చిగుళ్లు పట్టు వదిలేశాయి," అంది పళ్ల డాక్టరమ్మ.

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న క్లారినెట్ వాద్యకారుడు ఉలిక్కిపడ్డాడు. "పళ్లు లేకుండా ఊదడమెలాగమ్మా?"

"కట్టుడు పళ్లతో మళ్లీ మొదట్నుంచీ సాధన చేయాలి. మునుపటి నాదం పలుకుతుందో లేదో చెప్పలేను. నెత్తురొస్తే మెత్తగా తోముకుని, మా దగ్గరికి రావాలి గానీ, తోమడమే మానేస్తారా? ఎవరు చెప్పారు?"

పక్కనున్న భార్య కుర్చీ దగ్గరికి జరిగింది. "నెత్తురొస్తోంది కదండీ, చిగుళ్లకు కాస్త విశ్రాంతివ్వండి," అంటూ రెండేళ్ల కిందట అతని చేతిలోంచి బ్రష్ తీసుకున్నది ఆమే.

"ఎవరూ చెప్పలేదమ్మా. నాదే బద్ధకం," అన్నాడతను.

"కాదు డాక్టరుగారూ, నేనే మానిపించాను," అందామె.

అతను ఆమె చేయి అందుకుని, మత్తుసూది దిగేదాకా వదల్లేదు.