దిబ్బ మీది గుడి

కిటికీ మూయబోయిన సమాధానం అనే మనిషి మీద గుడి దూలం పడింది.

కోట ఊరికి తూర్పున, సముద్రపొడ్డున, ఇసుకదిబ్బ మీద ఉన్న పాత ఏసుతల్లి మరియమ్మ గుడి అది. అరవైల్లో ఒక కార్తీకమాసపు తుపాను దాని కప్పు సగం కూల్చింది. గంట కొట్టే సమాధానం ఆ సగం కిందే చిక్కుకున్నాడు.

బోర్లా పడ్డాడు. నడుం మీద టేకు దూలం. మెడ తిరగదు. కళ్లముందు సున్నపు గోడ, అంతే.

తెల్లారేసరికి గాలి ఆగింది. అరిచి అరిచి అతని గొంతూ బొంగురుపోయింది.

"లోపల ఎవురన్నా ఉండారా?" వెనక నుంచి మగ గొంతు.

"ఉండా నాయనా. దూలం కింద ఉండా."

అడుగులు దగ్గరికొచ్చాయి. దూలం కాస్త కదిలి, మళ్లీ కూర్చుంది.

"నా ఒక్కడి వల్ల కాదన్నా. కింద బల్ల దోపుతా. బరువు తగ్గుద్ది."

బల్ల దోపాక సమాధానానికి కొంచెం ఊపిరాడింది.

"ఊళ్లోవాళ్లను పిల్చకరా."

"ఊళ్లో ఎవురూ లేరు. మిట్టకు పోయినట్టుండారు. ఇళ్లన్నీ నీళ్లలో ఉండాయి, ఈ దిబ్బొకటే తేలుండాది. నా కండువా గోపురానికి కట్టొస్తా. పడవలోళ్లు చూస్తారు."

కట్టి వచ్చాడు.

"ఇంక నన్నిడిచి పోబాక నాయనా."

అడుగులు వాకిలి దాకా పోయి, తిరిగొచ్చాయి.

"పోనులే," అని ఆ మనిషి పక్కనే కూర్చున్నాడు.

పేరు హజరత్తయ్య అన్నాడు. పడమటి పల్లెలో కూలి చేసుకుంటానన్నాడు. ఈ గుడికి రావడం ఇదే మొదలన్నాడు.

"నిద్దరపోబాకన్నా. ఈ గుడి సంగతి చెప్పు."

సమాధానం చెప్పాడు. తాతల కాలంలో గవ్వలు కాల్చి సున్నం చేశారు. కోడిగుడ్ల సొన కలిపి గోడలకు నునుపు తెచ్చారు. రంగు అద్దాలు ఓడలో వచ్చాయి. పొద్దున పూజవేళకు పీఠం ముందు నేలంతా ఎరుపూ పచ్చా పరుచుకునేది. చెబుతున్నంతసేపూ నొప్పి తెలియలేదు. ఆపితే గోడ మీదికొచ్చినట్టుండేది.

"పైన సగం కప్పు మిగిలుండాది. నీలంగా, చుక్కలతో. ఎవరేసినారన్నా?"

"ఎవరో రంగులేసేవాడు. పూజలో పసిబిడ్డలు ఏడవకుండా పైకి చూస్తారని ఏసినాడంట."

హజరత్తయ్య ఉన్నట్టుండి లేచి పోయాడు. వాకిట్లో "హుష్, హుష్" అని వినిపించింది.

సమాధానం గోడకేసి కేకేశాడు.

"యాడికి పోయినావు?"

"కాకులన్నా. తోలొచ్చినా."

"నేనిక్కడ చస్తుంటే కాకులతో నీకేం పని?"

అతను గుడ్డ తడిపి సమాధానం పెదాలకు అద్దాడు. మళ్లీ రెండు మూడుసార్లు అట్లాగే లేచిపోయాడు. పోయినప్పుడల్లా సమాధానం తిట్టాడు. అతను తిరిగొచ్చి, "ఊఁ, తర్వాత చెప్పు" అన్నాడు.

పొద్దు వాలాక పడవ వచ్చింది. అందరూ కలిసి దూలం ఎత్తారు. సమాధానాన్ని మంచానికి కట్టి పడవెక్కించారు. పడవలో వచ్చిన భార్య ఎలిశబెతు అతని తల ఒళ్లో పెట్టుకుంది.

పడవ కదిలింది.

"హజరత్తయ్య ఏడి? ఎక్కలేదా?"

"రమ్మన్నా రాలేదు. గుడెనక ఇసుక తవ్వుతా ఉండాడు."

"ఇసుకెందుకు?"

ఎలిశబెతు అతని జుట్టులోని సున్నం దులిపింది.

"నీళ్లలో పోయిన కూతుర్ని పూడ్చేదానికి, ఆరిన నేల కోసం వచ్చినాడంట, పొద్దున్నుంచీ ఆ బిడ్డ చాపలో గుడి మెట్ల మీదే ఉండింది."