ఏడవడానికి ఒక ఊరు

మేడమ్ ఫోన్ ముందుకు చాపి ఒక ఫొటో చూపించింది.

“జర్మనీ. వచ్చే శుక్రవారం అందరం పోతున్నాం. నువ్వు కూడా. లేకపోతే పిల్లల్ని ఎవరు పట్టుకుంటారు?”

ఫొటోలో ఒక పాత రాతిగోడ. గోడకు గేటు. గేటు మీద గడియారమున్న బురుజు. లోపల ఎర్రపెంకుల ఇళ్ళు. చిట్టెమ్మ తోముతున్న గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది. బాగుంది, నాకూ పంపండి అంది.

ఆమె కూతురు సంధ్య జర్మనీలోనే నర్సు.

రాయచోటి దగ్గరి పల్లె నుంచి చిట్టెమ్మ రియాద్ వచ్చి, మలాజ్ పేటలోని ఈ ఇంట్లో పనిచేస్తూ కూతుర్ని చదివించింది. చదువయ్యాక కూతురు అటు వెళ్ళింది. ఒకరినొకరు ముట్టుకుని ఏళ్ళయింది. ఇంతలో పోయిన వేసవిలో ఊళ్ళో చిట్టెమ్మ మొగుడు పీరయ్య పోయాడు. ఇంట్లో పెళ్ళి ఉందని కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న ఈ ఇంటి యజమాని, చిట్టెమ్మను పంపలేదు. కొత్త ఉద్యోగం, సంధ్యకు సెలవు దొరకలేదు. మరిది కొరివి పెడుతుంటే తల్లీ కూతుళ్ళు ఫోన్‌లో చూశారు. మధ్యలో బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి మంట తప్ప ఏమీ లేదు.

అప్పట్నుంచి ఇద్దరూ ఫోన్‌లో ఏడవడం మానేశారు. ఒకరు ఏడిస్తే రెండోవారు చెయ్యగలిగిందేమీ లేదు.

“ఇది రోథెన్‌బుర్గ్ మా,” అంది సంధ్య ఆ ఫొటో చూసి. “శానా పాత ఊరు. చుట్టూ కోటగోడే. రైళ్ళు మారి మారి రావాల గాని, వచ్చేస్తా.”

“శుక్రవారం ఆడుంటామనింది మేడమ్. నాకు తెలిసింది అంతే.”

“అయితే నేను ముందురోజే వచ్చి రూము తీసుకుంటా. నీకు వీసా తీసినారా?”

“నాకేం తెలుసు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండాది. మొన్న యాడికో పిల్చకపోయి వేలిముద్రలు ఏపిచ్చినారు. దేనికో చెప్పల్యా.”

“అదే అయ్యుంటాది. అయినా ఒగసారి మేడమ్‌ను గట్టిగా అడుగు మా.”

“అడిగి? నా కూతురు ఆడుందని తెలిస్తే పారిపోతాననుకుంటారు. నన్ను ఇంట్లో పెట్టి తాళమేసి పోతారు.”

సంధ్య మళ్ళీ వీసా మాట ఎత్తలేదు.

ఆ తర్వాత రోజూ కలుసుకునే మాటే. సంధ్య ఆ ఊరి పటం ముందేసుకుని, ఎక్కడ కలవాలో చెప్పేది.

“గోడ మీద నడిచేదానికి దారుండాది. పైన పెంకుల కప్పు. పిల్లోల్లకు చూపిచ్చుకొస్తానని చెప్పి మెట్లెక్కు. నేను ఎవరో ఏమో అన్నట్టు నీ వెనకాల్నే వస్తా. మలుపు కాడ ఎవరికీ కనపడం.”

“కనపడకుండా ఏం చేస్తాం?”

“ఏడుస్తాం మా. ఇంగేం చేస్తాం.”



“సరే. పిల్లోల్లు బెదురుకుంటారు. మెల్లగా ఏడుద్దాం.”

పక్కింట్లో పనిచేసే మహబూబ్బీది పీలేరు. చెత్త పారేసే వేళ ఇద్దరూ వీధిలో కలుస్తారు. “జర్మనీకి పోతాందంట దొరసాని. మా కఫీల్ నన్ను బతా బజారు దాకా తోలకపోల్యా ఇన్నేళ్ళలో,” అని మూతి తిప్పింది. మర్నాడు డ్రైవర్‌తో బతా నుంచి నువ్వులు, బెల్లం తెప్పించి చేతిలో పెట్టింది. “ఆ పిల్లకు ఉండలు చేసకపో. చలికి మంచివి. నా పేరు చెప్పు.”

మేడమ్ పెట్టె సర్దమనలేదు. అక్కడ చలి, కోటు వేసుకో అంది. అంతే. ఆ ఇంట్లో ఏ సంగతైనా చిట్టెమ్మకు ఆఖరున చెప్పడం మామూలే. పోయినేడు బహ్రెయిన్ పోతున్నామని కారు కదిలాకే తెలిసింది. సరిహద్దు దగ్గర కఫీల్ పాస్‌పోర్టులన్నీ కట్టగా ఇచ్చాడు. ఆమె కిటికీలోంచి మొహం చూపించింది. ఆమె ఎరిగిన విదేశీ ప్రయాణం అదే.

శుక్రవారం వచ్చింది.

చిట్టెమ్మ గేటు కింద నిలబడి ఉంది. అంతా ఫొటోలో ఉన్నట్టే ఉంది. అదే బురుజు, అదే గడియారం, అవే ఎర్రపెంకులు. మేడమ్ ఫొటోలు దిగుతోంది. పిల్లలు చెయ్యి విడిపించుకుని లోపలికి పరుగెత్తారు. చిట్టెమ్మ వాళ్ళ వెంట పోలేదు. నువ్వుండల సంచి గుండెకు ఆనించుకుని, గోడ మీద ఒక చెయ్యి వేసి, అట్లాగే నిలబడిపోయింది.

ఫోన్ మోగింది.

“మా, వచ్చినారా?”

“వచ్చినాం.”

“యాడుండావు?”

“గేటు కింద.”

“నేనూ గేటు కిందే కదా మా ఉండేది. పొద్దన్నించీ ఈడే ఉండా. మంచు పడతాంది, జనాలంతా లోపలికి పోయినారు. నేనొక్కదాన్నే. నువ్వు ఏ పక్కుండావు?”

చిట్టెమ్మ నువ్వుండల సంచిని నోటికి అదుముకుంది.

“ఏడుస్తాండావా? నన్ను చూసినాక ఏడుద్దువులే. ఒగసారి చెయ్యెత్తు మా, నేను చూస్తా.”

రియాద్ శివార్లలో, మలాజ్ నుంచి కారులో అరగంట దూరాన, చలికాలపు ఎగ్జిబిషన్ కోసం ప్లైవుడ్‌తో కట్టి రాతిరంగు వేసిన జర్మనీ గేటు కింద, చిట్టెమ్మ చెయ్యెత్తింది.