మొగ దాటే మాట

ఇప్పుడు బోట్లకు చుక్కాని పట్టేవాళ్లు లేరు. ఒడ్డున నిలబడి అలలు చూసే పోలమ్మ, రెండు అలల నడుమ సందు దొరకగానే రేడియోలో "దాటు" అంటుంది. ఆ మాట విన్న బోటు తనంతట తానే, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి లోపలికి వస్తుంది.

ఆ రోజు కోడలు నూకరత్నం కొత్త రేడియో పెట్టెకు సెట్టింగులు పెట్టింది. మాట శుభ్రంగానే వెళ్లింది. కానీ మొదటి బోటు ఆలస్యంగా కదిలి, అల తగిలి, మునగబోయి తేలింది. తరువాతి బోటులో నూకరత్నం మొగుడు దానయ్య ఉన్నాడు.

"నా మాట ఎక్కడ తొంగుండి వస్తందే?"

"పెట్టె నాలుగు సెకన్లు ఆపి పంపుతందత్తా. ఆపకపోతే కొన్ని మాటలు దారిలోనే పోతాయి, అందినవీ గరగరలాడతాయి."

"పోనీయే! మాట అందకపోతే బోటు అక్కడే ఆగుతాది, ఇంకో సందుకి మళ్లీ సెప్తాను. ఆలస్యంగా అందితేనే పేనం పోద్ది."

నూకరత్నం ఆలస్యాన్ని సున్నాకు దించింది.

పోలమ్మ రెండుసార్లు "దాటు" అంది. బోటు కదల్లేదు. మూడోసారి అనగానే దూసుకొచ్చి ఇసుకను తాకింది.

దానయ్య దిగుతూనే అడిగాడు: "రేడియోలో అమ్మ గొంతు బొంగురుపోయిందేటే?"

"అలాగే ఉంటాదిక," అంది నూకరత్నం.