"ఊఁ" అనేదాకా

చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ల్యాప్‌టాప్ మీద ఎంటర్ కొట్టి, "మళ్లీ పంపాను పిన్నీ. వెళ్లింది," అంది వరహాలక్ష్మి.

నర్సీపట్నంలోని ఓ చింతపండు కోల్డ్ స్టోరేజీ గదిలో వాళ్లిద్దరి వెనకాల తలుపు మూసుకుని తాళం పడి అరగంటయింది. తలుపు తాళాన్ని నడిపే బయటి కంప్యూటర్‌కు నెట్‌వర్క్ ద్వారా "తెరువు" అని పంపే ప్రోగ్రామ్ ఆమె రాసిందే. తెర మీద "సెండ్ సక్సెస్" అని పచ్చగా మెరుస్తోంది. తలుపు మాత్రం కదల్లేదు.

"ఎల్లిందని సెప్పింది, సరే. అందిందని ఎవులు సెప్పారు?" అంది బస్తాలు సర్దే సింహాద్రమ్మ, గోనెసంచి కప్పుకుంటూ.

"వెళ్తే అందినట్టే కదా!"

"మేం సింతసెట్టెక్కి 'తప్పుకోండర్రా' అని కేకేస్తాం. కిందోలు 'ఊఁ' అనేదాకా కొమ్మ దులపం, పాపా."

వరహాలక్ష్మి వేళ్లు ఆగిపోయాయి. తన ప్రోగ్రామ్ ఎవరి "ఊఁ" కోసమూ ఆగదు. జవాబు కోసం ఆగే రెండు లైన్లు చేర్చి మళ్లీ పంపింది. ఈసారి తెర ఎర్రబడింది: "నో రిప్లై."

ఆ పచ్చ అక్షరాలను నమ్ముకుని అరగంటగా ఇద్దరూ తలుపైనా తట్టలేదు.

సింహాద్రమ్మ బస్తాలు లాగే ఇనప కొక్కెం అందుకుంది. "ఇప్పుడు నిజం సెప్పింది. రా, బేగి తలుపు బాదుదాం."

బాదారు. ఆగి విన్నారు. మళ్లీ బాదారు.

చాలాసేపటికి అవతల నుంచి సన్నగా వినిపించింది.

"ఊఁ... లోపలెవులు?"