బిగించిన చెయ్యి

ఆ కారు షెడ్డుకు రావడం ఇది మూడోసారి. ప్రతిసారీ ఒకటే జబ్బు. ఇంజన్‌కు అదనపు ఊపునిచ్చే సూపర్‌ఛార్జర్ బెల్టు జారిపోతోంది. మెకానిక్ కొత్త బెల్టు వేసి, బోల్టు బిగించి పంపినా మళ్లీ వదులైపోయింది.

కారు నడుపుకొచ్చిన కుర్రాడు ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లగానే, వెనక సీట్లోంచి అతని తల్లి దిగింది.

"వదులు చేస్తోంది నేనే బాబూ. మా పెద్దోణ్ణి పొట్టన పెట్టుకున్న కారిది. బాగుచేయించి ఇప్పుడు వీడు నడుపుతున్నాడు. బెల్టు జారితే వేగం అందుకోదు కదా! ఈసారి నువ్వే వదులుగా ఉంచు. పానా తిప్పలేక వేళ్లు పీకుతున్నాయి."

మెకానిక్ చేతిలోని పానా పక్కన పెట్టాడు.

"మీ పెద్దబ్బాయి పోయిన రోజు పొద్దున బెల్టు బిగించి పంపింది నేనేనమ్మా," అన్నాడు.

"తెలుసు," అందామె. "అందుకే నీ దగ్గరికే తీసుకురమ్మన్నాను. ఇంకొకరైతే నా మాట వినరు."