బఠాణీల వాన

ఇది రాయడమెందుకులే అని ఈ పోస్టుకార్డును రెండుసార్లు పక్కన పెట్టాను. మాంచెస్టర్ రేడియో నాటకాలకు చప్పుళ్లు చేసేవాడి కథ ఎవరిక్కావాలి?

పనిమనిషి వేషాలకు ఎనిడ్ టాప్లీ పెట్టింది పేరు. నాటకాల్లో, సినిమాల్లో ఆవిడ చేతిలో టీ కప్పులు గలగలలాడితే "ఏం నటన!" అనేవారు జనం. (మా క్యాంటీన్ టీ గురించి చెప్పాలి గానీ, కార్డులో చోటు లేదు.)

ఒకరోజు మా రేడియో నాటకం ప్రసారానికి ఐదు నిమిషాల ముందు ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ కప్పుల గలగల నటన కాదయ్యా, నిజం వణుకే! ఈ కాగితాల చప్పుడు మైకులో పడిందంటే నన్నిక పిలవరు."

"మీరు చదవండమ్మా. చప్పుడు సంగతి నాకొదిలెయ్యండి."

ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. ఆవిడ చేతిలో కాగితాలు టపటపలాడాయి. నేను జల్లెడలో ఎండు బఠాణీలు పోసి తిప్పాను, అచ్చం వాన చప్పుడు. నాటకంలో అది మండువేసవి. అయినా అరగంట వాన కురిపించాను. కంట్రోల్ గది అద్దం వెనక నుంచి దర్శకుడు మమ్మల్నే చూస్తున్నాడు. నేను తల దించుకుని జల్లెడ తిప్పుతూనే ఉన్నాను.

అయ్యాక ఆయన పలకరించకుండా వెళ్లిపోయాడు.

"ఇద్దరికీ మూడిందయ్యా," అంది ఎనిడ్.

సోమవారం కొత్త నాటకం కాగితాలొచ్చాయి. అందులో ఆవిడకో వేషముంది. మొదటి పుట పైన దర్శకుడు పెన్సిలుతో రాశాడు: "మొదటి నుంచి చివరిదాకా వాన."